నూనెలో నూనె కలిస్తే

తెలుగు పాఠాలు చెప్పుకొనే వానికి ఇంజను నూనెతో పని ఏమిటని మా స్టాఫ్ రూములో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు మిత్రులు పరిహాసమాడినారు. వారికి నేను చెప్పిన మొదటి సమాధానం భాషకు సంబంధించినదే. 'తైలం' అన్న మాట 'తిల' నుండి, అనగా నువ్వుల నుండి పుట్టినది. 'నూనె' అన్న మాటలోనూ ఆ నువ్వులే దాగి ఉన్నవి. ఇరుసుకు పూసే నూనెకు మాత్రం మన పెద్దలు వేరొక మాట పెట్టుకొన్నారు. అది 'కందెన'. గడ్డిని కాల్చిన మసిని ఆముదంతో కలిపి నూరి, వెదురు గొట్టంలో నింపి, ఎడ్లబండి క్రింద వ్రేలాడదీసుకొనేవారు. ఒట్టి ఆముదం వారికి చాలలేదన్న సంగతి ఇక్కడ గమనింపదగినది. మూలమైన తైలం ఒకటి, దానికి చేర్పు మరొకటి. నేడు మనం కొనే ఇంజను ఆయిల్ డబ్బాలో ఉన్నదీ ఆ రెండే.

అయితే నేను ఈ విషయం వెంట పడటానికి అసలు కారణం భాష కాదు, మా అన్నగారి లారీ. 2019లో ఒక రాత్రి ఆయన నంద్యాల నుండి గుంటూరుకు మిరపకాయల బస్తాలు వేసుకొని బయలుదేరినారు. నల్లమల ఘాటులో ఉండగా ఆయిల్ దీపం ఎర్రగా వెలిగినది. దిగి చూస్తే ఆయిల్ చాంబరు బోల్టు వద్ద నుండి నూనె కారుతున్నది. చేతికి అందినంత బోల్టు బిగించినారు. "అన్నా, సీటు వెనుక ఒక డబ్బా ఉందన్నా, పోద్దామా?" అని క్లీనరు అడిగినాడు. ఆ డబ్బా వేరే కంపెనీది. "వద్దురా, రెండు కంపెనీల నూనెలు కలిస్తే పాలు విరిగినట్లు విరుగుతాయి. గిద్దలూరులో మన ఆయిలే దొరుకుతుంది, మెల్లగా పోదాం" అన్నారాయన. గిద్దలూరు ఇంకా పాతిక కిలోమీటర్లు ఉన్నది. ఆ దూరంలో సగం కూడా సాగలేదు. ఇంజను ఒక్కసారి కీచుమని పట్టుకొని ఆగిపోయినది. విప్పి చూస్తే క్రాంకు షాఫ్టు నీలిరంగుకు తిరిగి ఉన్నది, బేరింగులు కరిగి అంటుకొని ఉన్నవి. మా వదినగారి గాజులు ఆ నెలలోనే తాకట్టుకు పోయినవి.

ఇంజను విప్పిన ఉస్తాద్ నాతో అన్న మాట ఒక్కటే. "లెక్చరర్ సాబ్, ఆ డబ్బాలో ఉన్నది పోసి ఉంటే మీ భాయీజాన్ ఈ రోజు నా దగ్గరికి వచ్చే పనే లేదు." మా అన్నగారు ఇరవై ఏళ్ళుగా బండి తోలుతున్నవారు. ఉస్తాద్ అంతకంటె ఎక్కువ ఏళ్ళుగా బండ్లు విప్పుతున్నవాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చుకొనవలెనని మా రసాయనశాస్త్ర మిత్రులను విసిగించినాను, దొరికిన గ్రంథాలు తిరగవేసినాను. తెలిసినది ఇక్కడ వ్రాస్తున్నాను. మీలో అనేకుల ఇండ్లలో ఆటోయో, ట్రాక్టరో, మోటారు సైకిలో ఉన్నది. కొందరు సెలవు దినాలలో మెకానికు షాపులలో పని నేర్చుకొంటున్నారని కూడ నేనెరుగుదును.

ఇంజను ఆయిల్‌లో నూటికి సుమారు 75 నుండి 90 పాళ్ళు మూల తైలం, అనగా బేస్ ఆయిల్. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ, సంక్షిప్తంగా ఎ.పి.ఐ., ఈ మూల తైలాలను ఐదు తరగతులుగా విభజించినది. మొదటి మూడు ముడి చమురు నుండి శుద్ధి చేసి తీసేవి. నాల్గవది కర్మాగారంలో అణువులను కూర్చి తయారు చేసే పాలీ ఆల్ఫా ఓలిఫిన్. ఈ నాలుగింటిలో ఇమడనివన్నియు ఐదవ తరగతి. మొదటి నాలుగు తరగతులును హైడ్రోకార్బన్లే, అనగా ఉదజని, కర్బనం మాత్రమే కలిగిన బంధువులు. బంధువులు గనుక ఒకదానిలో ఒకటి ఏ పేచీ లేకుండా కరుగుతాయి. 'సింథటిక్ నూనెలో మామూలు నూనె పడితే ఇంజను పోతుంది' అనే భయం చాలామందిలో ఉన్నది. బజారులో 'సెమీ సింథటిక్' అని అమ్మేది సరిగ్గా ఆ రెండింటి మిశ్రమమే. కంపెనీవారు కలిపి అమ్మగలిగినదాన్ని మనం కలిపితే విరిగిపోవటానికి కారణం కనబడదు.

ఇక మిగిలిన పదిపాతిక పాళ్ళలో ఉన్నవే చేర్పు ద్రవ్యాలు, ఇంగ్లీషులో అడిటివ్‌లు. సందేహమంతా వీటి చుట్టే. కొంచెం ఓపికతో వీటిని పరిచయం చేసుకొనవలె.

వీటిలో ఒకటి డిటర్జెంటు. పేరును బట్టి బట్టల సబ్బు వంటిదని తోచవచ్చును గాని, దీని ముఖ్యమైన గుణం క్షారత్వం. ఎక్కువగా కాల్షియం లేదా మెగ్నీషియం లవణాలు. ఇంధనం మండినపుడు పుట్టే ఆమ్లాలను ఇది విరిచివేస్తుంది, వేడి పిస్టను మీద జిగురు పేరుకొనకుండా చూస్తుంది. దీని తోబుట్టువు డిస్పర్సెంటు. మసి రేణువులు ఒకదానికొకటి అంటుకొని గడ్డ కట్టకుండా, ప్రతి రేణువును విడివిడిగా చుట్టుకొని నూనెలో తేలనిస్తుంది. డీజిల్ బండిలో క్రొత్త నూనె కొద్ది రోజులకే నల్లబడటం చూచి 'కల్తీ నూనె అంటగట్టినాడు' అని దుకాణదారుని నిందించేవారిని చూచినాను. నల్లబడిన నూనె తన పని తాను చేస్తున్న నూనె. మసి నూనెలో లేకపోతే ఇంజను గోడలకు ఉన్నదన్నమాట.

మూడవది జింక్ డయాల్కైల్ డైథయోఫాస్ఫేట్. పేరు పలకటానికి మా సంస్కృత సమాసాలు నయమనిపిస్తుంది. 1940 ప్రాంతపు దశాబ్దం నుండి వాడుకలో ఉన్న ఈ పదార్థం మొదట బేరింగుల తుప్పును, నూనె చెడిపోవటాన్ని ఆపటానికి వచ్చి, తరువాత అరుగుదలను ఆపే గుణం వలన ప్రసిద్ధి కెక్కినది. ఒత్తిడి, రాపిడి ఎక్కువైనచోట ఇది విచ్ఛిన్నమై, జింక్, భాస్వరం, గంధకాలతో కూడిన పలుచని గాజు వంటి పొరను లోహంపై పరుస్తుంది. లోహం లోహాన్ని తాకే క్షణంలో అరిగేది ఆ పొర, లోహం కాదు. ఇవిగాక వేడికి నూనె మరీ పలుచబడకుండా చూసే పాలిమర్లు, నురుగును చంపే సిలికోను ద్రవ్యాలు, ఘర్షణను తగ్గించేవి, చలికి గడ్డ కట్టనీయనివి ఉన్నవి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక కంపెనీ కాల్షియం వాడి, మరొక కంపెనీ మెగ్నీషియం వాడితే, రెండును ఒకే చాంబరులో పడితే ఏమగును? పోట్లాడుకొని అడుగున మడ్డిగా దిగునా?

దిగవు. ఇంజను ఆయిల్ వరకు దిగకుండా ఉండేటట్లు ముందే కట్టుదిట్టం చేసినారు. ఎ.పి.ఐ. వంటి సంస్థల ప్రమాణాలకు నిలువదలచిన ఇంజను నూనె ఒక పరీక్షకు లోబడవలె. దానిని నిర్ణీతమైన ప్రమాణ తైలాలతో విడివిడిగా కలిపి, చల్లబరచి, వేడిచేసి, మరల చల్లబరచి చూస్తారు. విడిపోరాదు, మడ్డి దిగరాదు, రంగు పొరలు కట్టరాదు. దారిలో బండి ఆగినవాడు చేతికి దొరికిన డబ్బా పోసుకొంటాడని ఈ నియమాలు వ్రాసినవారికి తెలుసు. పైగా, ప్రపంచంలోని ఇంజను నూనెలలో చాలా భాగానికి చేర్పు ద్రవ్యాలను సరఫరా చేసేవి లూబ్రిజాల్, ఇన్‌ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరోనైట్ అనే నాలుగు పెద్ద సంస్థలే. డబ్బాపై బొమ్మలు వేరైనా లోపలి దినుసు ఒకే అంగడి నుండి వచ్చి ఉండవచ్చును.

అందుచేత ఆ రాత్రి ఘాటులో ఉస్తాద్ మాటే నిజం. అక్కడ ఉన్న ప్రమాదం నూనెల కలయిక కాదు, నూనె లేకపోవటం.

కలిపినందువలన నష్టమే లేదని కాదు. పోయేది నాణ్యత. రెండు నూనెల మిశ్రమం డబ్బాలపై వ్రాసిన ఏ ప్రమాణానికీ పరీక్షింపబడిన వస్తువు కాదు. ఎక్కువ ధర పెట్టిన నూనెలో తక్కువ రకం కలిస్తే, తక్కువ దానికి ఎంతకాలం నమ్మవచ్చునో మిశ్రమాన్నీ అంతకాలమే నమ్మవలె. స్నిగ్ధత, అనగా చిక్కదనం, రెండింటికి నడుమ ఎక్కడో, లెక్కకు వచ్చే సగటు కంటె కొంచెం పలుచగా నిలుస్తుంది. అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం, అదే ఎస్.ఎ.ఇ., 1911 నుండి నూనెలకు చిక్కదనపు అంకెలు ఇస్తున్నది. వారి పట్టిక ప్రకారం 100 డిగ్రీల వేడిలో 30 అంకె గల నూనె 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపు, 40 అంకె గలది 12.5 నుండి 16.3 లోపు ఉండవలె. 40లో కొద్దిగా 30 పోస్తే మన ఎండలలో నడిచే బండికి ప్రాణం మీదికి రాదు. చలి అంకె, అనగా 'డబ్ల్యు' ముందు ఉండేది, మాత్రం నమ్మదగినది కాదు. మైనపు స్ఫటికాలను అదుపు చేసే ద్రవ్యాలు ఒక నూనెకు కుదిరినట్లు మరొకదానికి కుదరవు. ఒక్కొక్కపుడు మిశ్రమం రెండింటికంటె ముందే గడ్డ కడుతుంది. కర్నూలులో దీనితో పనిలేదు. మంచు దేశాలకు చదువులకు పోయిన మన పూర్వ విద్యార్థులు మాత్రం శీతకాలానికి ముందు మిశ్రమాన్ని దింపివేయటం మేలు.

నిజంగా కలవని నూనెలు కూడ లోకంలో ఉన్నవి. వాటిలో మొదటిది మన ఆముదమే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు మెట్ట చేలలో పండే ఆముదం ఒకప్పుడు విమానాలను నడిపినదంటే విద్యార్థులు నమ్మరు. మొదటి ప్రపంచ యుద్ధంలోని నోమ్, లె రోన్ వంటి రోటరీ ఇంజన్లకు కందెన ఆముదమే. ఆ ఇంజన్లలో నూనెయు పెట్రోలును ఒకే గదిలో ప్రవేశిస్తాయి. మామూలు ఖనిజ తైలం పెట్రోలులో కరిగి పలుచబడిపోతుంది, ఆముదం సులభంగా కరగదు. 1909లో వేక్‌ఫీల్డు కంపెనీ తమ నూనెకు పెట్టుకొన్న 'క్యాస్ట్రాల్' అన్న పేరు కూడ 'క్యాస్టర్', అనగా ఆముదం నుండి వచ్చినదే. ఆముదంలోని ముఖ్యమైన ఆమ్లానికి ఒక ఉదజని-ఆమ్లజని జంట తగులుకొని ఉన్నది. దాని వలన ఆముదపు అణువులు తమలో తాము గట్టిగా పట్టుకొని, ఖనిజ తైలాన్ని దగ్గరకు రానీయవు. అందుకే పందెపు కార్లలో ఆముదపు నూనెను వాడినవారు, ఖనిజ తైలానికి మారే ముందు ఇంజనును పూర్తిగా ఖాళీ చేసి కడిగేవారు.

ఇది మన ప్రయోగశాలలో చూడవచ్చును. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఖనిజ తైలమే. పరీక్ష నాళికలో దానిని, ఆముదాన్ని సమంగా పోసి గట్టిగా కుదపండి. తెల్లగా మసకబారుతుంది. ప్రక్కన ఉంచితే మెల్లగా రెండు పొరలై విడిపోతుంది. మా అన్నగారు భయపడిన 'విరగటం' అంటే ఇది. ఆయన భయం పుట్టుక లేని భయం కాదు, చోటు తప్పిన భయం.

ఈ జాతి ఉదాహరణలు మరికొన్ని ఉన్నవి. కారు ఏసీ కంప్రెసరులో వాడే పాలీ ఆల్కలీన్ గ్లైకాల్ నూనె ఖనిజ తైలంతో కలవదు. టర్బైన్ల నూనెలో తుప్పును ఆపటానికి ఆమ్ల స్వభావం గల ద్రవ్యం ఉంటుంది. దానిలో క్షార స్వభావం గల ఇంజను ఆయిల్ కొద్దిగా పడినా రెండును కలిసి సబ్బు వంటి మడ్డి ఏర్పడి ఫిల్టర్లు మూసుకొంటాయి. చేర్పు ద్రవ్యాల పోట్లాట అన్నది నిజంగా జరిగేది ఇక్కడ. ఇంకొక ముచ్చటైన ఉదాహరణ అమెరికాలోని ఎలక్ట్రో-మోటివ్ వారి డీజిల్ రైలింజన్లు. వాటిలో పిస్టను పిన్ను వద్ద వెండి పూత గల బేరింగులు ఉండేవి. లారీ ఇంజనుకు ప్రాణరక్షకమైన జింక్ ద్రవ్యం ఆ వెండిని తినివేస్తుంది. ఆ రైలింజనులో లారీ నూనె పోస్తే నూనె విరగదు, అందంగా కలిసిపోతుంది, వెండి మాత్రం పోతుంది. నూనెకు నూనె పొందిక ఒకటి, నూనెకు యంత్రానికి పొందిక మరొకటి. ఈ తేడా నాకు ఆలస్యంగా, కొంత ఖర్చుతో బోధపడినది.

2021లో మా బావగారి కారుకు ఆయిల్ మార్చగా మిగిలిన ముప్పాతిక లీటరు నూనెను, 'ఏ నూనె అయినా కలుస్తుంది గదా' అన్న క్రొత్త జ్ఞానంతో, నా మోటారు సైకిలులో పోసినాను. రెండవ రోజుకే ఎత్తు ఎక్కేటపుడు ఇంజను రొదపెట్టటమే గాని బండి ముందుకు సాగదు. క్లచ్చి జారుతున్నది. ఉస్తాద్ చాలాసేపు నవ్వి, "సాబ్, నూనెలు కలిపినందుకు కాదు, కారు నూనె పోసినందుకు" అన్నాడు. మన మోటారు సైకిళ్ళలో ఇంజను, గేర్లు, క్లచ్చి ప్లేట్లు ఒకే నూనెలో మునిగి ఉంటాయి. కారు నూనెలో పెట్రోలు ఆదా కొరకు ఘర్షణను తగ్గించే ద్రవ్యాలు ఉండవచ్చును. క్లచ్చి పట్టుకొనేది ఘర్షణతోనే గదా! దీని కొరకే జపానువారు 1998లో 'జాసో' అనే ప్రమాణాన్ని ఏర్పరచినారు. గేర్ల మోటారు సైకిలుకు డబ్బాపై 'ఎం.ఎ.' అన్న గుర్తు ఉండవలె. 'ఎం.బి.' అన్నది నూనెలో క్లచ్చి మునగని గేరులేని స్కూటర్లకు. ఆ నూనె దింపి సరైనది పోసిన తరువాత నా బండి వారం రోజులకు దారికి వచ్చినది. క్లచ్చి ప్లేట్లు కాలకపోవటం నా అదృష్టం.

అలాగే 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 డీజిల్ బండ్లలో చాలా వాటికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉన్నది. డిటర్జెంటులోని లోహం కాలి మిగిలే భస్మం ఆ ఫిల్టరులో చేరి మరల పోదు. ఎ.పి.ఐ. 2016లో తెచ్చిన సి.కె.-4 తరగతి నూనెలో భస్మం నూటికి 1 పాలుకు మించరాదు. పాత తరగతి నూనె ఒక లీటరు ఆపదలో పోస్తే బండి ఆగిపోదు. అదే అలవాటైతే ఫిల్టరు మూసుకొంటుంది. దాని ధర అడిగి తెలుసుకొన్నవారు మరల ఆ పని చేయరు.

బ్రేకు డబ్బాలో మాత్రం ఆపద అన్న సాకుతో కూడ ఇంజను ఆయిల్ పోయరాదు. బ్రేకు ద్రవం గ్లైకాల్ జాతిది, అందులోని రబ్బరు వాషర్లు దానికి తగినవి. ఖనిజ తైలం తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడి బ్రేకు పడదు. ఇక్కడ పోయేది ఇంజను కాదు, మనుషులు.

దుకాణాలలో 'ఇంజనుకు టానిక్కు' అని చిన్న సీసాలు అమ్ముతారు. వాటిపై నాకు సదభిప్రాయం లేదు. జింక్ ద్రవ్యం, డిటర్జెంటు, ఘర్షణను తగ్గించేది, ఇవన్నియు అంటుకొనవలసింది ఒకే లోహపు ఉపరితలానికి. నూనె తయారుచేసినవారు ఒకదానికొకటి చోటు ఇచ్చుకొనేటట్లు పాళ్ళు కుదిరిస్తారు. మనం ఒకదాన్ని అదనంగా పోస్తే మరొకదాని చోటు ఆక్రమిస్తుంది. నురుగును చంపే సిలికోను సైతం మోతాదు మించితే గాలి బుడగలను నూనెలోనే బంధిస్తుంది. రెండు మంచి నూనెలను కలిపినవానికి లేని చిక్కు టానిక్కు పోసినవానికి రావచ్చును.

బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాలకు గేజి కడ్డీ తీసి తుడిచి, మరల ముంచి చూడటానికి ఖర్చేమియు లేదు. రెండు గీతల నడుమ ఉంటే చాలును. క్రింది గీతకు దిగితే అదే నూనె, దొరకకపోతే అదే చిక్కదనం, అదే తరగతి లేదా పై తరగతి గల వేరే కంపెనీ నూనె, అదియు దొరకకపోతే అదే రకపు ఇంజనుకు పనికివచ్చే ఏ ఇంజను ఆయిల్ అయినా పోసి, తరువాత మామూలు గడువుకంటె ముందుగా మార్పించుకొనవలె. పై గీత దాటించరాదు. క్రాంకు షాఫ్టు నూనెను చిలికి నురుగు లేపుతుంది.

మా అన్నగారు ఇప్పుడు సీటు వెనుక రెండు డబ్బాలు ఉంచుకొంటున్నారు. ఏ కంపెనీవి అని అడిగితే "అంకె చూసి కొన్నాను" అంటారు.

మన కళాశాల జనరేటరు గదిలో లేబులు చిరిగిన ఐదు లీటర్ల డబ్బా ఒకటి చాలాకాలంగా ఉన్నది. అందులో ఉన్నది ఇంజను ఆయిలో, గేరు ఆయిలో, ఎవరో దింపి ఉంచిన పాత నూనెయో చెప్పగలవారు లేరు. దానిని ఇంజనులో గాని, వెనుక కాలువలో గాని పోయనీయక, వాడిన నూనెను తీసుకొనే వారికి అప్పగించవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాను.